ముసుగు వేసిన సీసాలు: ఆ నాలుగో నంబరుకు ఏమై ఉంటుంది?

మూడోగ్లాసు · శనివారం, రాత్రి 11:52

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా మీ పోస్టులు చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. ఈ రాత్రి మా ఇంట్లో వైన్ బ్లైండ్ టేస్టింగ్ విందు జరిగింది, అంటే ఏ సీసాదో తెలియకుండా రుచి చూసి మార్కులు వేయడం. వచ్చినవాళ్ళు ఇప్పుడే వెళ్ళారు. గ్లాసులు ఇంకా బల్ల మీదే ఉన్నాయి. నిద్ర పట్టేలా లేదు, అందుకే రాస్తున్నాను.

మేం ఎనిమిది మందిమి. మా మరిది తాగడు కాబట్టి పోసే పని తనకు అప్పజెప్పాం. రుచి చూసేవాళ్ళం ఏడుగురం. మనిషికి ఆరు గ్లాసులు, గ్లాసుకు 50 మి.లీ. అన్నీ రెడ్లే. సీసాలు ఏవో నాకు తెలుసు, ఏ నంబరుకు ఏది వచ్చిందో మాత్రం తెలియదు. బర్గండీ పినో న్వార్, మెండోజా మాల్బెక్, ఉత్తర రోన్ సిరా, ఓ-మెడాక్ కాబర్నే, బరోలో. సీసాలు ఐదే. ఆరో గ్లాసులోకి మరిది ఈ ఐదింట్లో ఒకదాన్నే మళ్ళీ పోశాడు. ఆ సంగతి మాకు చివర్లో గానీ చెప్పలేదు. మాల్బెక్కే 2గానూ, 6గానూ వచ్చింది. నేను 2కి 20 మార్కులకు 12 వేశాను, 6కి 16 వేశాను. ఏడుగురిలో ఒక్కరు మాత్రం "2, 6 అన్నదమ్ముల్లా ఉన్నాయి" అని రాశారు.

ఇదంతా సరదాగానే ఉంది. నా బాధ నాలుగో నంబరు గురించి.

అది ఓ-మెడాక్, ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు వైన్. నా కాలేజీ స్నేహితుడు ఏడేళ్ళ క్రితం, మేం ఈ ఇంట్లోకి వచ్చిన రోజున ఇచ్చాడు. మొదటి జీతంతో కొన్నానన్నాడు. ఒక మంచి సందర్భం కోసం దాన్ని చీకట్లో, పడుకోబెట్టి, కదపకుండా దాచాను. ఈ రాత్రి వాడు కూడా వస్తున్నాడని, వాడికి చెప్పకుండా ఆ సీసాను వరుసలో పెట్టాను. చివర్లో ముసుగు తీసినప్పుడు వాడి మొహం ఎలా వెలిగిపోతుందో చూడాలని నా ఆశ.

అందరి కాగితాల్లో నాలుగో నంబరుదే ఆఖరి స్థానం. నేను 9 వేశాను. వాడు 7 వేసి, పక్కన "దీంట్లో ప్రాణం లేదు" అని రాశాడు. ముసుగు తీశాక వాడు సీసాను చేతిలోకి తీసుకుని, లేబుల్ మీద బొటనవేలితో ఒకసారి నిమిరి, ఏం మాట్లాడకుండా కింద పెట్టేశాడు. భోజనం పూర్తి కాకుండానే లేచి వెళ్ళిపోయాడు.

ఏడేళ్ళు దాచి నేనే పాడు చేశానా? లేక ఆ వైనే అంతేనా? తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

పాతసీసా · ఆదివారం, ఉదయం 6:20

అమ్మా, మీ పోస్టు చదివి మనసు కలుక్కుమంది. నాకు అరవై దాటాయి, ముప్పై ఏళ్ళుగా సీసాలు దాచుకుంటున్నవాణ్ణి. నా మాట సూటిగా చెబుతాను, ఏమీ అనుకోకండి. ప్రేమతో ఇచ్చిన సీసాను ముసుగేసి వరుసలో నిలబెట్టకూడదు. దాని పేరు, దాన్ని ఇచ్చిన మనిషి, దాచిన ఏళ్ళు అన్నీ కలిస్తేనే అది ఆ వైన్. అవన్నీ తీసేసి మిగిలిన ద్రవానికి మార్కులు వేయడం ఉత్తరం చదవకుండా కాగితం నాణ్యత చూసినట్టు ఉంటుంది.

దాచడంలో మీ తప్పేమీ కనబడటం లేదు. చీకటి, పడుకోబెట్టడం, కదపకపోవడం, అన్నీ సరిగ్గానే చేశారు. మంచి సంవత్సరపు మెడాక్ కాబర్నేకు ఏడేళ్ళు పెద్ద వయసు కాదు.

లెక్కల_మాస్టారు · ఆదివారం, ఉదయం 7:45

నాలుగో నంబరు గురించి నాకంటే బాగా చెప్పేవాళ్ళు ఇక్కడున్నారు. నన్ను ఆపేసింది మీ 2, 6 సంగతి. మీ మరిదిని మెచ్చుకోవాలి. ఎవరూ అడగకుండానే ఆ విందులోకెల్లా విలువైన పని ఆయనే చేశారు.

ఒకే సీసాకు 12, 16 వేశానని బాధపడకండి. అమెరికాలో రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే ఆయన కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీల్లో న్యాయనిర్ణేతలకు ఒకే సీసాలోని వైన్‌ను, ఒకే వరుసలో, చెప్పకుండా 3 సార్లు పోయించారు. 2008లో ఫలితాలు అచ్చయ్యాయి. మూడుసార్లూ ఒకే పతకం స్థాయిలో మార్కులు వేసినవాళ్ళు 10 శాతం దగ్గరే తేలారు. వాళ్ళంతా ఆ పనిలో ఆరితేరినవాళ్ళు.

మీ బల్ల మీద జరిగింది బహుశా ఇది. 6వ గ్లాసుకు ముందున్నది ఏది? బరోలో అయితే, అంత గట్టి వైన్ తర్వాత మాల్బెక్ మెత్తగా, తియ్యగా తోచి ఉంటుంది. 2వ గ్లాసుకు ముందు పినో ఉంటే, అంత సున్నితమైన దాని తర్వాత అదే మాల్బెక్ మోటుగా అనిపిస్తుంది. నాలుక పక్కదానితో పోల్చి చెబుతుంది. అందుకే వచ్చేసారి అందరికీ ఒకే వరుస పెట్టకండి. ఒకరు 1 నుంచి మొదలుపెడితే ఇంకొకరు 4 నుంచి, మరొకరు 6 నుంచి వెనక్కి రావాలి. అప్పుడు వరుస వల్ల వచ్చే తేడా ఒకే సీసా నెత్తిన పడదు.

మూడోగ్లాసు · ఆదివారం, ఉదయం 8:10

మాస్టారూ, అచ్చం మీరన్నట్టే! 1 పినో, 5 బరోలో. కాగితం మళ్ళీ తీసి చూశాను. 2 పక్కన "కాస్త మొరటు" అని, 6 పక్కన "గుండ్రంగా, నిండుగా" అని రాసుకున్నాను.

పాతసీసా గారూ, మీ మాట రాత్రంతా నాలో నేను అనుకుంటున్నదే. కానీ వాడి పేరు చూసి ఉంటే నేను నిజం రాసి ఉండేదాన్ని కాదు. కళ్ళు మూసుకుని 18 వేసేదాన్ని.

కార్కువాసన · ఆదివారం, ఉదయం 9:30

నమస్తే అండి. నేను సొమెలియే (హోటళ్ళలో వైన్ ఎంచి వడ్డించే నిపుణులు) పరీక్షలకు చదువుతున్నాను. మీ పోస్టులో ఒక మాట దగ్గర ఆగిపోయాను. "దీంట్లో ప్రాణం లేదు" అన్నది. అది కుళ్ళిన వైన్‌ను, వెనిగర్ అయిపోయిన వైన్‌ను చూసి అనే మాట కాదు. కొన్ని ప్రశ్నలు అడుగుతాను, గుర్తున్నంత వరకు చెప్పండి.

నాలుగో నంబరు రంగు ఎలా ఉంది? గోధుమ రంగు తిరిగిందా, ఎర్రగానే ఉందా? వాసనలో పండు ఉందా? అట్టపెట్టె తడిసినట్టు, మూసేసిన గదిలో చెమ్మ పట్టినట్టు ఏదైనా తోచిందా? కార్కు ఉంచారా, పారేశారా? అన్నిటికంటే ముఖ్యం, సీసాలో మిగిలిందా?

మూడోగ్లాసు · ఆదివారం, ఉదయం 9:58

మిగిలింది! తలా 50 మి.లీ. చొప్పున ఏడుగురికి 350 పోయింది, ఇంకా 400 దాకా ఉంది. మళ్ళీ పోసుకున్నవాళ్ళెవరూ లేరు కదా. రాత్రే అదే కార్కుతో మూసి ఫ్రిజ్‌లో పెట్టాను.

రంగు బాగానే ఉంది, అంచు దగ్గర కాస్త ఇటుక రంగు, మధ్యలో చిక్కటి ఎరుపు. చెడు వాసన ఏదీ రాలేదు. అసలు వాసనే రాలేదు. గ్లాసు ఎంత తిప్పినా ఏమీ పైకి లేవలేదు. నోట్లో వగరు, పులుపు ఉన్నాయి, వాటి మధ్య ఉండాల్సింది లేదు.

కార్కువాసన · ఆదివారం, ఉదయం 10:40

అయితే నా అనుమానం బలపడింది. ఇది ట్రైక్లోరోఅనిసోల్ అయి ఉండొచ్చు, టీసీఏ అంటాం. కార్కులో చేరిన ఒక రకం బూజు, క్లోరోఫినాల్ అనే పదార్థాలను తిని దీన్ని తయారుచేస్తుంది. అక్కడి నుంచి మెల్లగా వైన్‌లోకి దిగుతుంది. ఎక్కువ ఉంటే తడిసిన అట్ట వాసన గుప్పుమంటుంది, ఎవరైనా పట్టేస్తారు. చిక్కంతా తక్కువ ఉన్నప్పుడే. చెడు వాసన తెలియదు, మంచి వాసన మాత్రం మాయమవుతుంది. తాగినవాళ్ళు "వైన్ పాడైంది" అనరు, "వైన్ బాగోలేదు" అంటారు. చేసినవాళ్ళకూ, ఇచ్చినవాళ్ళకూ దీనికంటే అన్యాయం ఇంకోటి లేదు.

ఎంత తక్కువంటే, లీటరుకు కొన్ని నానోగ్రాములు చాలు. ఒక గ్రాము టీసీఏను 100 ఒలింపిక్ ఈతకొలనుల నీళ్ళలో కలిపితే లీటరుకు 4 నానోగ్రాములు వస్తుంది. ఆ మాత్రానికే చాలామంది ముక్కులు స్పందిస్తాయి. మనిషి మనిషికీ తేడా ఉంటుందనుకోండి. 2013లో జపాన్‌లోని ఒసాకా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇంకో సంగతి బయటపెట్టారు. టీసీఏ తన వాసనను మోసుకురావడమే కాదు, ముక్కులో వాసన పట్టే కణాల పనినే అణచివేస్తుంది. అందుకే మీకు "వాసనే రాలేదు".

ఆరోగ్యానికి ఏ హానీ లేదు, కంగారు పడొద్దు. ఇక మీరు అడిగిన ప్రశ్నకు జవాబు. ఇది దాచడం వల్ల వచ్చేది కాదు. సీసాకు కార్కు బిగించిన రోజే ఆ కార్కులో ఉంది. మీరు ఏడేళ్ళు దాచినా, మర్నాడే తీసినా అది అక్కడే ఉండేది.

ఒక పరీక్ష చెప్తాను. సీసా ఫ్రిజ్ నుంచి తీసి గది వేడికి రానివ్వండి. మూడు గ్లాసుల్లో కొద్దికొద్దిగా పోయండి. ఒక గ్లాసులో శుభ్రమైన పాలిథిన్ ముక్క నలిపి వేసి, పది నిమిషాలు తిప్పుతూ ఉంచి తీసేయండి. పాలిథిన్ టీసీఏను పీల్చుకుంటుంది. తర్వాత ఇంకెవరిచేతనైనా గ్లాసులు కలిపించి, తేడాగా ఉన్నది ఏదో చూడకుండా ముక్కుతో పట్టండి.

కొత్తగా_చేరా · ఆదివారం, మధ్యాహ్నం 12:15

అక్కా, మధ్యలో అడ్డొస్తున్నందుకు ఏమనుకోకు. ఇదంతా చదివాక మా స్నేహితులతో నేనూ ఇలాంటిది పెట్టాలనుకుంటున్నా. రేకు చుట్టేస్తే సరిపోతుందా? ఇంకేమైనా చూసుకోవాలా? ఏదో ఒకటి మర్చిపోతానని ఇప్పటినుంచే టెన్షన్‌గా ఉంది.

మూడోగ్లాసు · ఆదివారం, మధ్యాహ్నం 1:05

టెన్షన్ ఎందుకు తమ్ముడూ, నేను చేసిన పొరపాట్లు చెప్తా, నువ్వు తప్పించుకో.

రేకు చాలదు. సీసా ఆకారమే సగం చెప్పేస్తుంది. భుజాలు తిరిగి ఉంటే బోర్డో, భుజాలు జారిపోయినట్టుంటే బర్గండీ, సన్నగా పొడుగ్గా ఉంటే రీస్లింగ్ అయి ఉండొచ్చని నాలుగు సీసాలు తాగినవాళ్ళెవరైనా ఊహిస్తారు. అందుకే మా మరిది వంటగదిలోనే ఒకేలాంటి జగ్గుల్లోకి కావాల్సినంతే వంచి, జగ్గులకు నంబర్లు అంటించి తెచ్చాడు. కార్కులూ మూతలూ కూడా కనబడకూడదు. మర తిప్పే మూత చూస్తే "ఇది లేత వైన్" అని మనసు ముందే రాసేసుకుంటుంది.

ఇంకోటి, నేను సువాసన కొవ్వొత్తి వెలిగించాను. మొదటి గ్లాసు ఎత్తగానే మల్లెపూల వాసన! అందరం "1లో మల్లె" అని రాసుకున్నాక ఒకావిడ లేచి కొవ్వొత్తి ఆర్పింది. మళ్ళీ మొదట్నుంచి. సెంటు కొట్టుకోకుండా రమ్మని ముందే చెప్పు.

బల్ల మీద తెల్ల కాగితం పరుచు. గ్లాసు వంచి రంగు చూడ్డానికి వేరే రంగు గుడ్డ పనికిరాదు. ఉమ్మడానికి ఒక పాత్ర తప్పకుండా పెట్టు, అందులో సిగ్గుపడేది ఏమీ లేదు. ఆరు గ్లాసులూ మింగితే 300 మి.లీ., అంటే దాదాపు 31 గ్రాముల ఆల్కహాల్. నాలుగో గ్లాసు నుంచి నాలుక మాట వినదు. వెళ్ళేటప్పుడు బండి నడిపేవాళ్ళు ఎవరో ముందే తేల్చుకోండి.

అన్నిటికంటే ముఖ్యం, అందరూ రాసేదాకా ఎవరూ మాట్లాడకూడదు. "అబ్బ", "ఛీ", కనుబొమ్మ ఎగరేయడం, ఏవీ పనికిరావు. మేం పాతిక నిమిషాలు నోరు మూసుకుని కూర్చున్నాం. స్నేహితులతో అంతసేపు మౌనంగా కూర్చోవడం ఎంత బాగుంటుందో నాకు అప్పటిదాకా తెలియదు. పెన్నుల చప్పుడు, గ్లాసు బల్లకు తగిలే చప్పుడు, అంతే.

వగరు_పులుపు · ఆదివారం, సాయంత్రం 4:30

మీరు రాసిన ఒక మాట నాకు ఎంత నచ్చిందో చెప్పకుండా ఉండలేను. "నోట్లో వగరు, పులుపు ఉన్నాయి, వాటి మధ్య ఉండాల్సింది లేదు." ఎన్ని టేస్టింగ్ నోట్సు చదివినా ఇంత సూటిగా చెప్పినవాళ్ళు తక్కువ.

వైన్ గురించి మాట్లాడటానికి మన భాష చాలదని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. టానిన్ (వైన్‌కు వగరునిచ్చే పదార్థం) అనగానే ఇంగ్లీషు చదివినవాళ్ళు చేదుతోనూ, తీపి లేకపోవడంతోనూ కలిపేసుకుని తికమక పడతారు. మనకు ఆ బాధ లేదు. షడ్రుచుల్లో వగరుకు చేదు పక్కనే విడిగా చోటుంది. లాలాజలంలో నోటిని జారుడుగా ఉంచే మాంసకృత్తులను టానిన్లు పట్టేసుకుంటాయి, నాలుక గరుకెక్కుతుంది. పచ్చి అరటికాయ కొరికిన పిల్లవాడు "వగరుగా ఉంది" అంటాడే తప్ప "చేదుగా ఉంది" అనడు. అంత స్పష్టత పుట్టుకతో వచ్చింది మనకు.

మా బృందంలో నేను ఒక నియమం పెట్టాను. నోట్సు తెలుగులోనే రాయాలి, ఎవరూ ఎప్పుడూ తినని పండు పేరు రాయకూడదు. అప్పటినుంచి కాగితాలు మారిపోయాయి. సిరా గురించి ఒకరు "మిరియాలు దంచిన రోలు" అని రాశారు. అది ఊరికే పోలిక కాదు. సిరా ద్రాక్ష తొక్కలోనూ, మిరియంలోనూ ఉన్నది ఒకటే పదార్థం, రోటండోన్. వైన్‌లో దాన్ని 2008లో గుర్తించారు. కాబర్నేలో పచ్చి క్యాప్సికమ్ వాసన కూడా అంతే, రెండింటిలోనూ పిరజీన్లనే పదార్థాలున్నాయి.

పాతసీసా · ఆదివారం, సాయంత్రం 6:15

కార్కువాసన గారూ, బాగా చెప్పారు. నాకు టీసీఏ తెలుసు గానీ మూడోగ్లాసు గారి వివరాలు చదివినప్పుడు తట్టలేదు. అట్ట వాసన లేదు అనగానే నేను ఆ దారి మూసేసుకున్నాను.

ఉదయం నేను రాసినదానికి ఒకటి చేర్చాలి. ముసుగు టేస్టింగ్ మీద నాకు పగ లేదు. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే బ్రిటిష్ వైన్ వ్యాపారి పెట్టిన టేస్టింగ్ లేకపోతే ఈరోజు మనం తాగేవాటిలో సగం మన దాకా వచ్చేవి కావు. తొమ్మిది మంది ఫ్రెంచి నిపుణులు పేర్లు చూడకుండా మార్కులు వేసి, తెల్లవాటిలో షాటో మాంటెలీనా 1973కు, ఎర్రవాటిలో స్టాగ్స్ లీప్ 1973కు మొదటి స్థానం ఇచ్చారు. రెండూ కాలిఫోర్నియావే. ఫ్రాన్స్‌లో పేరుమోసిన మూతోన్ రాత్‌షీల్డ్ 1970 రెండో స్థానానికి జరిగింది. "అవి పిల్ల వైన్లు, వయసొస్తే మనవే గెలుస్తాయి" అని ఫ్రెంచివాళ్ళు సర్దిచెప్పుకున్నారు. 30 ఏళ్ళు ఆగి 2006లో అవే ఎర్రవి మళ్ళీ తీశారు. మొదటి ఐదు స్థానాలూ కాలిఫోర్నియావే, అందరికంటే పైన రిడ్జ్ మాంటె బెల్లో 1971. పేరు చూసి మార్కులు వేసి ఉంటే ఆ ద్రాక్షతోటల వాళ్ళకు న్యాయం జరిగేది కాదు.

కాబట్టి నా మాట ఇంతే. తెలియనివాళ్ళ సీసాలకు ముసుగు వేయండి, వాళ్ళకు అది మేలు. మనవాళ్ళ సీసాకు వద్దు.

లెక్కల_మాస్టారు · ఆదివారం, సాయంత్రం 7:00

పాతసీసా గారి మీద గౌరవం ఉంచుకునే ఒక్క మాటకు అడ్డు చెబుతాను. మనవాళ్ళ సీసాకు ముసుగు లేకపోతే ఈ టీసీఏ బయటపడేది కాదు. ఆవిడే రాశారు, కళ్ళు మూసుకుని 18 వేసేదాన్నని. పేరు కనబడితే మనసు చేసే పని చిన్నది కాదు. 2001లో అచ్చయిన ఒక పరిశోధనలో, బోర్డో విశ్వవిద్యాలయంలో వైన్ తయారీ చదువుతున్న 54 మందికి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. వాళ్ళు ఎక్కువగా ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే దాన్ని వర్ణించారు. 2008లో అచ్చయిన ఇంకో పరిశోధనలో, కాలిఫోర్నియాలో 20 మందికి ఒకే వైన్‌ను ఒకసారి 10 డాలర్లదని, ఒకసారి 90 డాలర్లదని చెప్పి, తాగుతున్నప్పుడు మెదడు స్కాన్ తీశారు. 90 అని చెప్పినప్పుడు సంతోషాన్ని లెక్కగట్టే భాగం నిజంగానే ఎక్కువ పనిచేసింది. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. వాళ్ళకు నిజంగానే రుచిగా ఉంది.

అందుకే ఆవిడ 18 వేసి ఉంటే అందులో కూడా అబద్ధం ఉండేది కాదు, ఇది కూడా ఒప్పుకుంటాను. నేనూ ఈ విషయంలో పూర్తిగా తేల్చుకోలేదు.

నీళ్ళగ్లాసు · ఆదివారం, రాత్రి 8:20

నేను వైన్ తాగను. కానీ మా స్నేహితుల విందుల్లో పోసేది ఎప్పుడూ నేనే, అందుకే ఇక్కడ ఉంటాను. మూడోగ్లాసు గారూ, మీ మరిదికి నా నమస్కారాలు చెప్పండి. ఆయన ఆ గదిలో ఏం పడ్డారో నాకు తెలుసు. అన్నీ తెలిసి మొహంలో ఏమీ కనబడనివ్వకూడదు. మీ స్నేహితుడు "ప్రాణం లేదు" అని రాస్తుంటే ఆ సీసా ఎవరిదో తెలిసింది ఆయనొక్కడికే కదా.

నా మటుకు నేను జగ్గులకు నంబర్లు ఇంకొకరిచేత అంటిస్తాను. నేను బయటికెళ్ళాక వాళ్ళు నంబర్లు అంటించి, ఏది ఏదో కాగితం మీద రాసి కవరులో పెడతారు. అప్పుడు పోసే నాకు కూడా తెలియదు. మొహం దాచుకునే పని తప్పుతుంది.

ఇంకో సంగతి. తాగనివాళ్ళను కూడా బల్ల దగ్గర కూర్చోబెట్టాలంటే ఒక వరుస టీతో పెట్టండి. మేం అలాగే చేస్తాం. అదే మౌనం, అవే కాగితాలు.

లెక్కల_మాస్టారు · ఆదివారం, రాత్రి 8:50

టీ అన్నారు కాబట్టి చెప్పకుండా ఉండలేను! ఈ లెక్కలన్నిటికీ మూలం ఒక టీ కప్పే. ఇంగ్లండ్‌లో రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో మ్యూరియెల్ బ్రిస్టల్ అనే శాస్త్రవేత్త, కప్పులో పాలు ముందు పోశారో టీ ముందు పోశారో తాగి చెప్పగలనన్నారు. పక్కనే ఉన్న గణాంక శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ దాన్ని 8 కప్పుల పరీక్షగా మార్చి, 1935లో పుస్తకంలో రాశారు. నాలుగు ఒక రకం, నాలుగు ఇంకో రకం. గుడ్డిగా ఊహిస్తే అన్నీ సరిగ్గా చెప్పే అవకాశం 70లో 1. మన విందులకు కూడా ఈ లెక్కే ఆధారం.

మూడోగ్లాసు · సోమవారం, రాత్రి 9:40

పరీక్ష చేశాను. ఎలా జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

సీసా రెండు గంటలు బయట పెట్టాను. కార్కు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏమీ తెలియలేదు. గ్లాసులో పోసి వాసన చూశాను. ఈసారి ఉంది! శనివారం లేనిది ఈరోజు ఉంది. గుప్పుమని కాదు. వానలో తడిసిన అట్టపెట్టెను మూలన పెట్టి మర్చిపోతే, నాలుగు రోజుల తర్వాత ఆ మూలకు వెళ్ళినప్పుడు వచ్చే వాసన. ఒకసారి తెలిశాక ఇంక వదల్లేదు. మావారిని పిలిచి ఏమీ చెప్పకుండా గ్లాసు ఇచ్చాను. "పాత పుస్తకాల గదా?" అన్నారు.

మూడు గ్లాసుల్లో పోసి ఒకదాంట్లో పాలిథిన్ వేసి తిప్పాను. మావారు గ్లాసుల అడుగున గుర్తులు పెట్టి, నన్ను బయటికి పంపి, కలిపారు. ముక్కుతోనే, తాగకుండా, నాలుగుసార్లు చూశాను. నాలుగుసార్లూ పట్టాను. పాలిథిన్ వేసిన గ్లాసులో అట్ట వాసన బాగా తగ్గింది. కానీ పండు తిరిగి రాలేదు. అక్కడ ఇప్పుడు మంచీ లేదు, చెడూ లేదు.

లెక్కల_మాస్టారు · సోమవారం, రాత్రి 9:55

మూడింట్లో ఒకటి పట్టడం, వరుసగా నాలుగుసార్లు. ఊహతో అయితే 81లో 1. మీ ముక్కును నమ్మండి.

కార్కువాసన · సోమవారం, రాత్రి 10:10

గాలి తగిలాక టీసీఏ ఇలా స్పష్టంగా తెలియడం మామూలే. పండు తిరిగి రాకపోవడం కూడా అంతే, పాలిథిన్ కొన్ని మంచి వాసనలను కూడా తనతో పట్టుకుపోతుంది. దీన్ని వైన్ బాగుచేసే మార్గంగా చూడకండి. తేడా కనిపెట్టడానికే పనికొస్తుంది. ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి, ల్యాబ్‌లో కొలిస్తే తప్ప పూర్తిగా రుజువైనట్టు కాదు. కానీ నేనైతే ఆ సీసాను ఏ బల్ల మీదైనా వెనక్కి పంపేదాన్ని.

మాకు పరీక్షలో 25 నిమిషాల్లో 6 వైన్లు ఇస్తారు, 3 తెల్లవి, 3 ఎర్రవి. పేర్లు పట్టాలనే ఆత్రంలో మేం మర్చిపోయేది ఇదే. ముందు "ఇది ఆరోగ్యంగా ఉందా" అని అడగాలి, తర్వాతే "ఇది ఎవరు" అని. మీ స్నేహితుడికి చెప్పారా?

మూడోగ్లాసు · మంగళవారం, రాత్రి 10:30

చెప్పాను. ఫోన్‌లో చెప్పడం ఇష్టం లేక సాయంత్రం సీసా పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. అడుగున ఒక గ్లాసుకు సరిపడా మిగిలింది. వాడు తలుపు తీసి, నా చేతిలో ఆ సీసా చూసి, ఒక్క క్షణం అలాగే నిలబడ్డాడు. "మళ్ళీ ఎందుకే తెచ్చావు దాన్ని" అన్నాడు.

గ్లాసులో పోసి ఇచ్చాను. వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. "అట్ట" అన్నాడు, నేను అడక్కుండానే. అప్పుడు అంతా చెప్పాను. కార్కు, బూజు, నానోగ్రాములు, మీరు రాసినవన్నీ. వాడు చాలాసేపు కార్కునే అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. శనివారం ఎందుకు లేచి వెళ్ళిపోయాడో అప్పుడు చెప్పాడు. వైన్ బాగోలేదని కాదట. "నేనిచ్చినదని తెలియక నేనే అంత మాట రాశాను, నువ్వు ఏడేళ్ళు దాచావు" అన్నాడు. నేనేమో నేనే పాడుచేశానని మూడు రోజులుగా కుమిలిపోతున్నాను. ఇద్దరం ఒకే సీసా గురించి, ఒకరికొకరం చెప్పుకోకుండా.

తర్వాత లోపలికి వెళ్ళి ఇంకో సీసా తెచ్చాడు. అదే లేబుల్, అదే సంవత్సరం. మొదటి జీతం వచ్చిన రోజు రెండు కొన్నాడట. ఒకటి నాకు, ఒకటి తనకు. తనది ఇప్పటిదాకా తీయలేదు.

పాతసీసా · మంగళవారం, రాత్రి 10:45

అమ్మా, దయచేసి దాన్ని ముసుగు లేకుండా తీయండి.

కార్కువాసన · మంగళవారం, రాత్రి 10:52

రెండూ ఒకే పెట్టెలోవైనా కార్కులు వేరు. ఒక దానికి టీసీఏ ఉందని రెండోదానికి ఉండాలని లేదు. తీసేముందు ఇంకో మంచి సీసా కూడా దగ్గర పెట్టుకోండి. ఎప్పుడు తీస్తున్నారు?

మూడోగ్లాసు · మంగళవారం, రాత్రి 11:15

వచ్చే నెల రెండో శనివారం, వాళ్ళింట్లో. అదే ఏడుగురం. ఈసారి మరిదికి సెలవు. పోసేది నేను.

పాతసీసా గారూ, మీ మాట వాడికి చదివి వినిపించాను. వాడు ముసుగు వేయమన్నాడు. నంబరు కూడా వాడే చెప్పాడు, నాలుగు.